కుడి అంచు మీద కాలు

ఆ రోజు చిన్న పడవ తనంతట తాను ఒరగలేదు. నేను ఒరిగించాను. కుడి అంచు మీద కాలు వేసి, ఒంటి బరువంతా అటు మోపాను. ఒక చెయ్యి చచ్చుబడిన మనిషి చెరువులో పడ్డాడు. కట్ట మీద ఉన్నవాళ్ళు నవ్వారు. నేను "అయ్యో" అన్నాను. చేసిన పని కంటే ఆ "అయ్యో" గుర్తొచ్చినప్పుడే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది.

నాచారం పారిశ్రామికవాడలో నాకొక చిన్న ఫైబర్ షెడ్డు ఉంది. నీళ్ళ ట్యాంకులు, బాత్రూం తలుపులు, అపార్ట్‌మెంట్లలో పిల్లల కోసం పెట్టే జారుడుబల్లలు, ఇవీ మా పని. పీర్జాదిగూడ వైపు కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్నంత కాలం మాకు పనికి కొదవ ఉండదు. కానీ నేను పని నేర్చుకున్నది ట్యాంకుల మీద కాదు, పడవల మీద. కాకినాడ దగ్గర సముద్రపు పడవలు చేసే షెడ్డులో, గాజునూలు మ్యాట్ పరిచి, దాని మీద రెజిన్ జిగురు పోసి, రోలర్‌తో గాలి బుడగలు తీస్తూ ఆరేళ్ళు గడిపాను. తర్వాత ఇటు వచ్చి చిల్కానగర్‌లో స్థిరపడి ఇరవై ఎనిమిదేళ్ళు. అన్నేళ్ళయినా నాలో ఒడ్డువాడి గర్వం పోలేదు. ఇక్కడి చెరువుల్లో థర్మాకోల్ ముక్కల్ని సంచిలో కుక్కి, తాళ్ళతో బిగించి, ఆ తెప్ప మీద కూర్చుని వలలు తీసేవాళ్ళను చూస్తే నాకు నవ్వొచ్చేది. నడుము దాకా నీళ్ళలో మునిగి చేసేది వేటెలా అవుతుందని ఇంట్లో మా ఆవిడతో అనేవాణ్ణి. ఆవిడ మాత్రం, "వాళ్ళు తెచ్చిన చేపలే కదా మీరు తింటోంది" అనేది.

నిరుడు వానాకాలం తర్వాత మా షెడ్డుకు రెండు పాత పడవలు వచ్చాయి. ఒకటి పదహారు అడుగులది. పన్నెండేళ్ళ కిందట నా చేతులతో నేనే చేసింది. ఊరి బయట ఒక రిజర్వాయర్ దగ్గర తిరిగి తిరిగి, అక్కడ కొత్త పడవలు కొనుక్కున్నాక, నా దగ్గరికే తిరిగొచ్చింది. ముక్కు కింద వంగి చూస్తే రోలర్ ఒకచోట జారి పడిన గీత ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ గీత చూసి నేనెంత మురిసిపోయానంటే, మూడు వారాలు వేరే పనులు పక్కన పెట్టి దానికి కొత్త కోటింగు ఇచ్చాను. రెండోది పది అడుగులది. కృష్ణా నది వైపు నుంచి ఎవరో తెచ్చి వదిలేసింది. అడుగు చదునుగా, రంగు వెలిసిన నీలంగా, చూడడానికి సగం కోసిన ట్యాంకులా ఉండేది. చేసిన మేస్త్రీ ఎవరో తెలియదు. ఉన్న పగుళ్ళు పూడ్చి దాన్ని గోడకు ఆనించి పెట్టాను.

ఒకరోజు పదిన్నరప్పుడు ఉప్పల్ చెరువు పక్క బస్తీ నుంచి ఒక జంట వచ్చింది. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. ఆమె ముందు నడుస్తోంది. ఆయన రెండడుగులు వెనక. ఆయన ఎడమచెయ్యి చొక్కా జేబులో బొటనవేలు ఇరికించుకుని ఉంది. అది అలవాటు అనుకున్నాను. తర్వాత తెలిసింది, చెయ్యి వేలాడకుండా ఆమే రోజూ పొద్దున అలా ఇరికిస్తుందని.

"అన్నా, చేపల పడవలు ఉన్నయంట గద నీ దగ్గర?" అంది ఆమె.

రెండేళ్ళ కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. దవాఖానాలో నెలరోజులున్నాడు. కాలు తిరిగొచ్చింది గానీ చెయ్యి రాలేదు. అంతకు ముందు ఇద్దరూ ఒకే పెద్ద తెప్ప మీద, ఆమె ముందు, ఆయన వెనక, వేటకు పోయేవాళ్ళు. చేపల సంఘంలో ఇద్దరికీ కార్డులున్నాయి. ఇప్పుడు ఆయన తెప్ప మీద నిలదొక్కుకోలేడు. రెండేళ్ళుగా ఆమె ఒక్కతే పోతోంది, ఆయన కట్ట మీద కూర్చుంటున్నాడు. అందుకే ఇద్దరూ ఎక్కే పడవ ఒకటి కావాలి.

ఇదంతా ఆమే చెప్పింది. ఆయన షెడ్డులో పడవల చుట్టూ తిరుగుతున్నాడు. నేను మాత్రం జవాబులన్నీ ఆయనకే చెప్పాను. పడవ సంగతి మగవాడితో మాట్లాడాలన్నది నా లోపల ఎప్పుడో పాతుకుపోయిన మొద్దుతనం. పెద్ద పడవ పొడుగూ వెడల్పూ చెప్పాను, నలుగురు నిలబడి గంతులేసినా కదలదని చెప్పాను. "మేం సముద్రం చూసినవాళ్ళం" అని కూడా అన్నాను. ఆయన మర్యాదగా తల ఊపాడు.

ఆమె బకెట్టు నీళ్ళు అడిగింది.

"తాగడానికా అమ్మా?"

"పడవకు" అంది.

రెండు పడవల్నీ బోర్లించమంది. మగ్గుతో అడుగంతా తడిపి, చీరకొంగు బొడ్లో దోపుకుని, ఎదురుగా సిమెంటు దిమ్మ మీద కూర్చుంది. ఏం చేస్తోందో నాకు అర్థం కాలేదు. పది నిమిషాలు. ఎండకు తడి ఆరిపోతూ వచ్చింది. అంతా ఆరాక, పెద్ద పడవ అడుగున, నడిమికి కొంచెం వెనక, జానెడు పొడుగున వెంట్రుకంత తడి గీత ఒకటి మిగిలింది. పగులున్న చోట నీళ్ళు లోపలికి పోయి ఆగుతాయి, చుట్టూ ఆరినా అక్కడ ఆరదు. మూడు వారాలు ఆ పడవ మీద చెయ్యి వేసి తిరిగిన నాకు కనపడని పగులది. నేను కొత్త కోటింగు ఇచ్చాకే, ట్రాలీ మీద నుంచి దించేటప్పుడు పడి ఉంటుంది. ఆమె లేచి, బోనం కుండ కొనేటప్పుడు కొట్టినట్టు, దాని మీద వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టింది.

"పైపైనే ఉన్నది. లోపల గట్టిగనే ఉన్నది. పూడుస్తవా అన్నా?" అంది. తప్పు పట్టినట్టు కాదు, ఉన్నది చెప్పినట్టు.

ఆ క్షణంలోనే నేను ఆమెకు దండం పెట్టి ఉండాల్సింది. నా పనిలో ఇన్నేళ్ళున్న నాకు రాని పరీక్ష అది. కానీ నాకు కోపం వచ్చింది.

తర్వాత చిన్న పడవ దగ్గరికి పోయి, ముక్కు పట్టుకుని ఎత్తి, అరవృత్తం తిప్పి దింపింది. వెనక కొసకు వెళ్ళి దాన్ని ఎత్తి తిప్పింది. మళ్ళీ ముక్కు. బరువైన బీరువాను మూల మూల జరుపుకుంటూ పోయినట్టు, ఒక్కతే ఆ పడవను షెడ్డు గుమ్మం దాకా నడిపించుకుపోయింది. తిరిగి తెచ్చి పెట్టింది. వగర్చలేదు కూడా.

"గిది నాతోని అయితది" అంది. "గా పెద్దదానికి నలుగురు గావాలె. రోజూ పొద్దుగాల నలుగుర్ని బతిమాలుకుంటనా?"

అప్పుడు ఆయన మొదటిసారి నోరు తెరిచాడు. "చిన్నదైతే నేను ఎన్క కూసుంట."

ఆ మాటలో ఎంతుందో ఆ రోజు నాకు తెలియలేదు. నాకు వినపడిందల్లా, నేను చేసిన పడవను కాదని ఎవడో చేసిన సగం ట్యాంకును ఎంచుకుంటున్నారని. ఒక పక్క అది నిజంగానే ప్రమాదమని కూడా అనుకున్నాను. ఒంటిచేతి మనిషి, పది అడుగుల పడవ. వాళ్ళకంటే వాళ్ళ మంచి నాకే తెలుసనుకోవడం నా పాత జబ్బు. ధర దగ్గర పేచీ లేదు, పాతవి కాబట్టి రెండూ దాదాపు ఒకే రేటు. మాటకు మాట పెరగకముందే నేనే అన్నాను, "రెండూ నీళ్ళలో వేసి చూద్దాం. నీళ్ళే చెప్తాయి."

ఆదివారం పొద్దున ఏడింటికి పెద్దది డీసీఎం వ్యాన్ మీద, చిన్నది ట్రాలీ ఆటోలో, ఉప్పల్ చెరువు కట్టకు చేర్చాను. సంఘం వాళ్ళు ఆరేడుగురు అప్పటికే వలలు తీసి జిలేబీ చేపలు ఏరుకుంటున్నారు. మమ్మల్ని చూసి లేచి వచ్చారు.

"ఏం మామా, ఓడలు కొంటున్నవా? మా చెరువుల పడ్తదా అది?"

"పడ్తది గని మలుపుతందుకు జాగ లేదు. పోంగ ముక్కుతోని పోవాలె, రాంగ తోకతోని రావాలె."

ఆయన నవ్వాడు. రెండేళ్ళు కట్ట మీద కూర్చున్న మనిషి నీళ్ళ అంచున నిలబడ్డాక అతని మొహం మారిపోయింది. అది నేను చూశాను. చూడలేదని చెప్పలేను.

ముందు పెద్దది దింపారు. నలుగురు పట్టారు. ఆయన్ను నడిమిలో కూర్చోబెట్టి, ఆమె గెడ వేసి అటు నడిపింది. పడవ కదిలినట్టే లేదు, అంత నిలకడ. నా ఛాతీ ఉబ్బింది. కానీ గుర్రపుడెక్క ఉన్నచోట దాని ముక్కు ఇరుక్కుంది. వెనక్కి లాగి, పక్కకు తిప్పి, మళ్ళీ తోసి, ఆమెకు చెమటలు పట్టాయి. ఆయన నడిమిలో అలాగే కూర్చుని ఉన్నాడు. చేయడానికి ఆయనకు ఏ పనీ లేదు.

తర్వాత చిన్నది. దీన్ని ఆమె, ఒక సంఘం మనిషి, ఇద్దరే దింపేశారు. ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన వెనక కూర్చుని, తెడ్డు కుడి చంకలో ఇరికించుకున్నాడు. అప్పుడు నేనన్నాను, "చేపల బరువు కూడా ఉండాలి కదా. నేను నడిమిలో కూర్చుంటా." ఆ మాట అన్నప్పుడు నా మనసులో ఇంకేమీ లేదు. అది మాత్రం నిజం.

వల వేసి ఉన్న చోటికి పోయాం. ఆమె కుడివైపు అంచు మీదుగా ముందుకు వంగి వల పైకి లాగింది. వంగగానే పడవ కుడికి ఒరగాలి. ఒరగలేదు. వెనక్కి చూశాను. ఆయన ఎడమకు వాలి ఉన్నాడు. ఆమె లేచింది, ఆయన లేచాడు. ఆమె మళ్ళీ వంగింది, ఆయన మళ్ళీ వాలాడు. ఆమె వెనక్కి చూడదు, ఆయన చెప్పడు. నీళ్ళు అంచుకు నాలుగు వేళ్ళ కింద అలాగే నిలబడ్డాయి. మూడుసార్లు చూశాను. సముద్రం మీద నేను చూసిన ఏ జోడీ కూడా అంత ఒద్దికగా లేదు. అప్పుడు అర్థమైంది నాకు, "చిన్నదైతే నేను ఎన్క కూసుంట" అన్న మాట. పెద్ద పడవలో ఆయన ఒక బస్తా. ఈ పడవలో ఆయన సగం పడవ. ఆయన ఒంటి బరువే ఆయన పని. దానికి ఎడమచెయ్యి అక్కర్లేదు.

అర్థమైంది కాబట్టే చేశాను. అదీ నా తప్పు మొత్తం. అర్థం కాక చేసి ఉంటే పొరపాటు అనుకునేవాణ్ణి. నా పడవ ఓడిపోయిందని తెలిసింది. కట్ట మీద ఆరేడుగురు చూస్తున్నారు. నాలుగోసారి ఆమె కుడికి వంగినప్పుడు, సర్దుకుంటున్నట్టుగా కుడికాలు అంచు మీద వేసి బరువు మోపాను.

ఎడమ అంచు పైకి లేచింది. ఆయన దాన్ని పట్టుకోవలసింది ఎడమచేత్తో. ఆ చెయ్యి జేబులో ఉంది. తెడ్డు జారింది, ఆయన పడవకు అడ్డంగా దొర్లి కుడివైపు నీళ్ళలో పడ్డాడు. ఛాతీ లోతు నీళ్ళే. ఆమె వల వదిలేసి దూకింది. నేను "అయ్యో" అన్నాను.

"ఏం మామా, పొద్దుగాల తానం చెయ్యబుద్ధయిందా?" అని కట్ట మీద నుంచి ఒకడు.

"నీతోని కాదు తియ్యి మామా. కట్ట మీద కూసొని వలలు కుట్టు."

ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. గట్టుకు వచ్చాక ఆమె ఆయన చొక్కా విప్పి పిండి, మళ్ళీ తొడిగి, చెయ్యి పట్టుకుని బొటనవేలు జేబులో ఇరికించింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

"పెద్దదే మంచిగున్నది మేస్త్రీ" అన్నాడాయన. "గదే తీస్కుంటం."

ఆమె తల ఊపింది.

గెలిచాను. రెండు పడవల్నీ తిరిగి షెడ్డుకు తెచ్చి, పెద్దదాని పగులు పూడ్చే పని మొదలుపెట్టాను. సాండ్ పేపర్‌తో రుద్దుతుంటే గాజునూలు ధూళి చేతుల మీద పడి దురద. అది నాకు కొత్త కాదు. కానీ ఆ వారం ఇంట్లో అన్నం కంచం ముందు కూడా చేతులు గోక్కుంటుంటే మా ఆవిడ అడిగింది, "ఏమైంది మీకు?" రెజిన్ మారిందని చెప్పాను. ఇంకో అబద్ధం.

శనివారం పొద్దున, అన్నీ తయారయ్యాయా అని చూడడానికి ఇద్దరూ వచ్చారు. నేను ఆఫీసు గదిలో ఫోన్ మాట్లాడుతున్నాను. ఆమె గేటు బయట టీ తేవడానికి పోయింది. ఫోన్ పెట్టేసి బయటికి వస్తే, ఆయన గోడ పక్కన చిన్న పడవలో కూర్చుని ఉన్నాడు. సిమెంటు నేల మీద. ఎడమకు వాలుతున్నాడు, లేస్తున్నాడు. మళ్ళీ వాలుతున్నాడు, లేస్తున్నాడు. కళ్ళు ముందు ఖాళీ చోటును చూస్తున్నాయి, అక్కడ ఆమె ఉన్నట్టు. ఎక్కడ ఆలస్యమయ్యానో, ఎక్కడ తప్పానో వెతుక్కుంటున్నాడు.

నేను పోయి ఆయన ముందు నేల మీద కూర్చున్నాను. "అన్నా, ఆ రోజు తప్పు నీది కాదు. నేను అంచు మీద కాలేశాను. కావాలనే" అన్నాను.

ఆయన వాలడం ఆపాడు. "ఎరికే మేస్త్రీ" అన్నాడు.

"తెలుసా?"

"నలభై ఏండ్లు నీళ్ళ మీదున్న. బరువు ఏడికెల్లి వచ్చిందో నాకెర్క గాదా? ముంగట ఉన్నదాని బరువు వేరే, నడుమ వడ్డ బరువు వేరే."

"మరి అప్పుడే ఎందుకు అనలేదు?"

"ఏమని అనాలె? చెయ్యి వడ్డోడు పడవలకెల్లి పడి, పక్కోని మీద పెడుతున్నడంటరు. గట్ల అనిపించుకునుడు కంటె పడుడే నయం." జేబులో ఉన్న చెయ్యి చూసుకుంటూ అన్నాడు, "అయినా మేస్త్రీ, చెయ్యి మంచిగుంటే పట్టుకుందును గద. గంతవరకు అయితే నాదే. గందుకే సూస్కుంటున్న."

ఆమె టీలు పట్టుకుని వచ్చింది. ఆయన నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఊరుకుంటే సరిపోయేది. ఆయన నన్ను కాపాడేవాడు. కానీ ఆ ఒక్కరోజుకు నాకు ఆ మాత్రం బుద్ధి మిగిలింది. ఆమెకు కూడా చెప్పాను.

ఆమెకు తెలియదు. నా వైపు చూసి, టీ గ్లాసులు పడవ అంచు మీద పెట్టింది. నెమ్మదిగానే మొదలుపెట్టింది.

"నాతోని అన్నా అని పిలిపిచ్చుకున్నవ్ గద, ఇది అన్న చేసే పనేనా? ముప్పై ఏండ్లాయె, ఆయన నా ఎన్క వాలుతడని నేను ఒక్కనాడు మల్లి సూడలె. ఆ దినం సూసిన. ఆయనతోని కాదేమోనని నాకనిపించింది. నాకు! ఇంట్ల బువ్వ పెడుతుంటె గూడ గదే. నువ్వు ఆయనను నీళ్ళల పడేస్తివి, గది ఆరిపాయె. నాకు పెట్టిన అనుమానం ఎట్ల ఆరాలె?"

క్షమించమన్నాను.

"నాకు చెప్తే ఏమొస్తది? కట్ట మీద నవ్విన్రు గద, గాళ్ళకు చెప్పు పో."

"చెప్తా" అన్నాను.

"పెద్ద పడవ వద్దు మాకు."

"వద్దు" అన్నాను నేను కూడా.

మర్నాడు ఇద్దరూ మళ్ళీ వచ్చినప్పుడు ఇంకో పది రోజులు టైమ్ అడిగాను. నా చేతులకు పని కావాలి, అంతే. చిన్న పడవకు రెండు పక్కలా బోలు గొట్టాలు బిగిస్తానని, అప్పుడు ఎవరు అంచు మీద నిలబడ్డా ఒరగదని చెప్పాను. రాత్రంతా ఆలోచించి కాగితం మీద గీసిన ఉపాయం అది. ఆయన ఆ కాగితం చూసి మడిచి నాకే ఇచ్చేశాడు.

"గవి పెడితే ఇగ నేనేం చెయ్యాలె బావా?"

బావా అన్నాడు. ఆమెకు నేను అన్నను కాబట్టి ఆయనకు బావనట. మళ్ళీ అదే జబ్బు నాది, వాళ్ళను అడక్కుండా వాళ్ళ మంచి గీసుకుని రావడం. ఈసారి అడిగాను. ఏం కావాలో చెప్పు, అన్నాను. ఆయన పడవలో కూర్చుని చూపించాడు. కూర్చునే పలక ఎత్తుగా ఉంది, బెత్తెడు దించాలి. ఎడమ పక్కన భుజం ఆనించడానికి ఏదన్నా ఉంటే వాలినప్పుడు నడుము జారదు. తెడ్డు చంకలో పట్టుకుంటే వాలేటప్పుడు అడ్డం వస్తోంది.

పలక దించాను. ఎడమ పక్క భుజానికి ఆనేలా ఒక ఫైబర్ దన్ను పెట్టాను. దాన్ని నేరుగా కొలతల ప్రకారం చేయలేదు. ఆయన్ను పడవలో కూర్చోబెట్టి, ప్లాస్టిక్ కవరు కప్పి, తడి మ్యాట్‌ను ఆయన భుజం మీదే ఒత్తి, ఆ వంపునే పోశాను. ఎండలో అది ఆరేదాకా ఆయన కదలకుండా కూర్చున్నాడు. వాసనకు కళ్ళ నీళ్ళు కారుతున్నా నవ్వుతూనే ఉన్నాడు. ఆమె పక్కన నిలబడి, "పెండ్లికొడుకు లెక్క కూసున్నవ్" అంది. వాళ్ళిద్దరి మధ్యా మాట కలవడం మళ్ళీ అప్పుడే చూశాను. తెడ్డు కోసం మాత్రం నేను మా ఒడ్డున నేర్చుకున్నదే పెట్టాను. వెనక అంచు నడిమిలో అర్ధచంద్రంలా గాడి తీసి, తెడ్డు అందులో కూర్చోబెట్టి, ఒంటిచేత్తో అటూ ఇటూ ఆడిస్తే పడవ ముందుకు పోతుంది. చూపించిన అరగంటకే ఆయన నాకంటే బాగా ఆడించాడు.

ఇంత చేసినా, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళడం మిగిలే ఉంది.

ఆ పది రోజులూ గడిచాక వచ్చిన ఆదివారం పొద్దున్నే పడవను కట్టకు తీసుకుపోయాం. అదే ఆరేడుగురు. చేపలు ఏరుతున్న వాళ్ళ ముందు నిలబడి చెప్పాను. పోయినసారి ఈయన పడలేదు, నేను పడేశాను, నేను చేసిన పడవను కాదన్నారన్న కడుపుమంటతో కాలు వేశాను, అని. ఎంత చిన్నగా చెప్పాననుకున్నానో, అంత గట్టిగా వినపడింది.

"అంటే ఇన్ని దినాలు మేము మామను ఉత్తగనే అన్నమా?" అన్నాడొకడు. వలలు కుట్టుకోమన్నవాడు అతనే. తల గీరుకున్నాడు.

"ఓ సముద్రం మేస్త్రీ! మీ తాన గిట్లనే అమ్ముతరా పడవలు?" అన్నాడింకొకడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు రావలసిందే. నిలబడి తీసుకున్నాను.

ఆయన అప్పటికే పడవలో వెనక కూర్చున్నాడు. "రా బావా, కూసో" అని పిలిచాడు. ఆమె గట్టునే ఆగింది. నన్ను నడిమిలో కూర్చోబెట్టుకుని ఒంటిచేత్తో గాడిలో తెడ్డు ఆడిస్తూ, అందరికీ కనపడేంత దూరంలోనే పడవ ఆపాడు.

"ఆ దినం ఏసినట్టె ఎయ్యి కాలు" అన్నాడు.

"వద్దు అన్నా."

"ఎయ్యి."

కట్ట మీద నుంచి ఆమె అరిచింది, "ఎయ్యన్నా! గట్టిగ ఎయ్యి!"

వేశాను. కుడి అంచు కిందికి పోయింది, పోయినంత వేగంగానే పైకి వచ్చింది. వెనక్కి చూశాను. భుజం ఆ దన్నుకు ఆనించి ఎడమకు వాలి ఉన్నాడు, జేబులో చెయ్యి జేబులోనే ఉంది. "ఇంకోసారి" అన్నాడు. ఈసారి మొత్తం బరువు వేశాను. నీళ్ళు అంచును ముట్టుకుని వెనక్కి పోయాయి. ఆ మనిషి ఒంట్లో ఉన్న ఒడుపు నేను ఇరవై మౌల్డులు చేసినా ఏ పడవలోనూ పోయలేనిది. "ఇంకోసారి" అన్నాడు. మూడోసారి కాలు వేశాను, ఆయన నాకంటే ముందే వాలాడు, పడవ కిందికి పోలేదు, నా కాలు జారింది. నీళ్ళలో పడ్డది నేను.

కట్టంతా ఈలలు. ముక్కులోకి చెరువు నీళ్ళు పోయి దగ్గుతూ లేచేసరికి ఆమె గట్టు అంచుకు వచ్చి నిలబడి ఉంది. నవ్వుతోంది గానీ, కళ్ళు నన్ను పరీక్షగా చూస్తున్నాయి, ఆరిన పడవ మీద తడి గీత కోసం చూసినట్టు.

"కావాలనే పడ్డవా అన్నా?"

"లేదమ్మా. ఆయనే పడేశాడు."

ఆమె నమ్మింది. తర్వాత నన్ను పట్టించుకోలేదు. చీర ఎగదోపుకుని నీళ్ళలోకి నడిచి, పడవ ముందు భాగంలో ఎక్కి మోకాళ్ళ మీద కూర్చుంది. ఇద్దరూ వలల వైపు పోయారు. ఆమె వంగినప్పుడు వెనక్కి చూస్తుందేమోనని నేను తడిబట్టలతో అక్కడే నిలబడ్డాను. మొదటిసారి వంగినప్పుడు చూసింది. రెండోసారి కూడా చూసింది. ఆ తర్వాత చూడలేదు.

వాళ్ళు తిరిగొచ్చేదాకా ఉన్నాను. పడవ గట్టు చేరగానే సంఘం వాళ్ళు ఇద్దరు లేచారు. నేను వాళ్ళను ఆపి, వెనక కొస నేను పట్టుకున్నాను. ముందు కొస ఆమె పట్టుకుంది. ఆ తర్వాత మూడు నెలలు, నాచారంలో షెడ్డు తెరిచే ముందు, రోజూ ఆ కట్ట మీదుగానే పోయి, ఆ కొస పట్టుకుని పడవను పైకి చేర్చి వచ్చాను. ఒకరోజు పొద్దున పోయేసరికి, ఆమె ఒక కొస, ఆయన కుడిచేత్తో ఇంకో కొస పట్టుకుని పడవను పైకి తెచ్చేశారు. "నడువు బావా, నీ పని నువ్వు సూస్కో పో" అన్నాడాయన. వెళ్ళి షెడ్డు తాళం తీశాను.